మోటోక్రాస్ సినిమాల తెర వెనుక: ఏ షాట్ ఎలా తీశారు, ఎక్కడ తేడా కొడుతుంది

#1 నాబీటైర్

మోటోక్రాస్ అంటే మట్టి ట్రాక్ మీద గుట్టలు దూకుతూ సాగే బైకు రేసు. తెర మీద బండి గాల్లోకి లేవగానే "డూపే కదా" అనేసి ఊరుకుంటాం. ఆ డూపు చేతికి బండి వచ్చేలోపు ఎంత పని జరిగిందో మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నా. "అదిరింది", "కేక" లాంటి పోస్టులు వద్దు. షాట్ ఎలా తీశారు, ఏ సామాను వాడారు, ఎక్కడ బెడిసికొడుతుంది, అది చెప్పండి చాలు.

నా వంతు మొదటిది. బ్రూస్ బ్రౌన్ తీసిన ‘ఆన్ ఎనీ సండే’, 1971. బైకు సినిమాలకి తాత లాంటి డాక్యుమెంటరీ. ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. హాలీవుడ్ స్టార్ స్టీవ్ మెక్వీన్ తన సోలార్ ప్రొడక్షన్స్ తరఫున డబ్బు పెట్టాడు, సుమారు 3 లక్షల డాలర్లు. అందులో మట్టి చిమ్ముతూ బళ్ళు స్లో మోషన్‌లో తేలిపోయే షాట్లు చూసే ఉంటారు. హైస్పీడ్ కెమెరాలకి ఆ బడ్జెట్ చాలలేదు. 12 వోల్టులతో నడిచే మామూలు ఫిల్మ్ కెమెరాకి 24 వోల్టుల బ్యాటరీ తగిలించి లాగించేశారు.

కెమెరా డిపార్ట్‌మెంట్ వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, ఇది అన్ని కెమెరాలకీ పనిచేస్తుందా?

#2 ఫ్రేముకు24

అన్నిటికీ పనిచేయదు అన్నా. మోటారు రకాన్ని బట్టి ఉంటుంది.

మామూలు డీసీ మోటారుకి వోల్టేజీ రెట్టింపు చేస్తే వేగం కూడా దాదాపు రెట్టింపు అవుతుంది. 24 ఫ్రేములు తిరిగేది 45-48 దగ్గరికి వెళ్తుంది. కానీ గవర్నర్ ఉన్న మోటారైతే అది వేగాన్ని 24 దగ్గరే పట్టి ఉంచాలని చూస్తుంది. ఎక్కువ వోల్టేజీ ఇస్తే వేగం పెరగదు సరికదా, లోపల కాంటాక్టులు కాలిపోతాయి. కాబట్టి గవర్నర్ లేని మోటారు ఉండాలి, లేదా దాన్ని పక్కన పెట్టేయాలి.

వేగం పెరిగాక వచ్చే చిక్కులు ఇవీ:

వెలుతురు సగమైపోతుంది. 180 డిగ్రీల షట్టర్‌తో 24 ఫ్రేముల దగ్గర ఒక్కో ఫ్రేముకి సెకనులో 48వ వంతు వెలుతురు తగులుతుంది. 48 ఫ్రేములకి అది 96వ వంతు. లెన్సు ఒక స్టాప్ తెరవాల్సిందే, అంటే రెట్టింపు వెలుతురు లోపలికి రానివ్వాలి. మర్చిపోతే రీలంతా చీకటి. అది ల్యాబు నుంచి వచ్చాకే తెలుస్తుంది, ఈలోపు రేసు అయిపోయి అందరూ ఇళ్ళకెళ్ళిపోయి ఉంటారు.

మోటారు స్విచ్ వేసిన క్షణంలోనే పూర్తి వేగం అందుకోదు. మొదటి కొన్ని ఫ్రేములు నెమ్మదిగా తిరిగి తెల్లగా కాలిపోయినట్టు వస్తాయి. అందుకే బండి ర్యాంపు ఎక్కకముందే కెమెరా తిరుగుతూ ఉండాలి. అలాగని ముందే మొదలెడితే ఫిల్ము హరించుకుపోతుంది. 16 ఎం.ఎం. వంద అడుగుల రీలులో 4,000 ఫ్రేములు. 24 దగ్గర 2 నిమిషాల 46 సెకన్లు. 48 దగ్గర 83 సెకన్లే.

మూడోది ఫిల్ము లూపు, అంటే కెమెరా లోపల ఫిల్ముకి వదిలే వదులు మెలిక. ఆ వేగానికి పంటి రంధ్రాలు చిరగడం, లూపు జారి బొమ్మ పైకీ కిందికీ గెంతడం మామూలే. గేటు (ఫిల్ముకి వెలుతురు తగిలే కిటికీ) శుభ్రంగా లేకపోతే ఇంకా త్వరగా జరుగుతుంది, మోటోక్రాస్ ట్రాక్ పక్కన గేటు శుభ్రంగా ఉండే ప్రశ్నే లేదు.

#3 కొత్తక్లచ్

ఇప్పుడు డిజిటల్‌లో 120 అని పెట్టి బటన్ నొక్కితే అయిపోతుంది కదా? మేం నలుగురం కలిసి హైదరాబాద్ శివార్లలో ఎక్స్‌పల్స్ బండ్లతో ఒక షార్ట్ ఫిల్మ్ అనుకుంటున్నాం. జంప్ షాట్ ఒకటి పక్కా కావాలి. సలహాలు ఇవ్వండి.

#4 ఫ్రేముకు24

బటన్ నొక్కితే స్లో అవుతుంది తమ్ముడూ, బాగా రావడం వేరే సంగతి.

మధ్యాహ్నం ఎండ, ఐఎస్ఓ 800, ఎఫ్ 5.6, 24 ఫ్రేములు, సెకనులో 48వ వంతు షట్టర్ అనుకో. దాదాపు 7 స్టాపుల వెలుతురు ఎక్కువైపోతుంది. అంటే 2.1 ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్లటి అద్దం) కావాలి. అదే 120 ఫ్రేములకి వెళ్తే షట్టర్ 240వ వంతు, అప్పుడు ఎన్‌డీ 1.5 చాలు. ఫిల్టర్ మార్చకుండా ఫ్రేము రేటు ఒక్కటే మార్చేవాళ్ళు రెండు స్టాపులకి పైగా చీకటి తెచ్చుకుంటారు. ఎన్‌డీ లేదని షట్టర్‌ని 2000వ వంతుకి తోసేస్తే మట్టి గింజలు ఒక్కొక్కటీ సూదిమొనల్లా ఆగిపోయి కనిపిస్తాయి, 24 ఫ్రేముల షాట్లో అయితే బండి దడదడా తెగి తెగి కదులుతుంది.

ఇంకోటి. జంప్ అంతా 120లో తీయకు. గాల్లో ఒకటిన్నర సెకను ఉన్న బండి 120లో తీసి 24కి వేస్తే తెర మీద ఏడున్నర సెకన్లు వేలాడుతుంది. మొదటి మూడు సెకన్లు బాగుంటుంది, ఆ తర్వాత బొమ్మ కట్టి దారానికి వేలాడదీసినట్టు ఉంటుంది. ఎగరడం 48, గాల్లో ఉన్నది 96 లేదా 120, దిగేది మళ్ళీ 24. దిగేటప్పుడు దెబ్బ తెలియాలి, దాన్ని స్లో చేస్తే బరువు పోతుంది.

#5 ర్యాంపులెక్క

జంప్ అన్నారు కాబట్టి ‘ద గ్రేట్ ఎస్కేప్’ (1963) కంచె దూకుడు రావాల్సిందే. మోటోక్రాస్ సినిమా కాదు, యుద్ధ ఖైదీల కథ. కానీ దూకినవాడు బడ్ ఎకిన్స్, ఎడారి రేసుల, స్క్రాంబుల్ (మోటోక్రాస్ పాత పేరు) పోటీల మనిషి. హీరో మెక్వీన్ తనే దూకుతానన్నా నిర్మాణ సంస్థ ఒప్పుకోలేదు. జర్మనీలో, బవేరియాలోని ఫ్యుసెన్ దగ్గర పచ్చిక మైదానంలో తీశారు. ఎకిన్స్‌కి ఆ ఒక్క దూకుడికి 1,000 డాలర్లు ముట్టాయని అంటారు. దూరం సుమారు 65 అడుగులని చెబుతారు.

లెక్క చూడండి. 65 అడుగులంటే దాదాపు 20 మీటర్లు. 30 డిగ్రీల కోణంలో లేచి, లేచిన ఎత్తుకే దిగితే, కావాల్సిన వేగం సెకనుకి 15 మీటర్లు, అంటే గంటకి 54 కిలోమీటర్లు. గాల్లో ఉండేది ఒకటిన్నర సెకను. లేచిన చోటు నుంచి దాదాపు 2.9 మీటర్లు పైకి వెళ్తాడు.

"54 ఏనా? మా ఊరి ఆటోకి కూడా వస్తుంది" అంటారేమో. ప్రాణం తీసేది వేగం కాదు, దిగడం. 2.9 మీటర్ల నుంచి కిందికి వచ్చేసరికి నిలువు వేగం సెకనుకి 7.5 మీటర్లు. చదును నేల మీద దిగితే అదంతా షాకులే మింగాలి. నేటి మోటోక్రాస్ బండిలో షాకుల ప్రయాణం 300 మిల్లీమీటర్లు. ఆ 300లో ఆపాలంటే సగటున భూమ్యాకర్షణకి తొమ్మిదింతల పైన దెబ్బ. అదే దిగే చోట 25 డిగ్రీల వాలు కట్టి ఉంటే, బండి 30 డిగ్రీల కోణంలో వస్తుంది కాబట్టి నేలకి గుద్దుకునే వేగం సెకనుకి 1.3 మీటర్లకి పడిపోతుంది. అదే బండి, అదే దూకుడు. మట్టి వాలు ఒక్కటే తేడా.

కొత్తక్లచ్, నీ డబ్బంతా ఎక్కే ర్యాంపు మీద పెట్టకు. దిగే వాలు మీద పెట్టు.

#6 పాతరీలు

గ్రేట్ ఎస్కేప్ గురించి రెండు ముక్కలు కలుపుతా.

ఆ బండి జర్మన్ సైన్యపు బీఎండబ్ల్యూలా కనిపించాలి. కానీ ఆ బరువైన బండితో అలాంటి దూకుడు కుదరదని ట్రయంఫ్ టీఆర్6 650 తీసుకుని సైనిక రంగు పూసి వేషం వేశారు. ఇంజను చూసినవాడికి ఇట్టే దొరికిపోతుంది.

కంచె ముళ్ళతీగ కూడా అసలుది కాదు. రబ్బరు ముక్కలు ముళ్ళలా ముడివేసి కట్టారు. షూటింగ్ మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా నటులూ సిబ్బందీ కూర్చుని కట్టారని చెబుతారు. చివర్లో హీరో తీగల్లోకి దొర్లుకుంటూ పోయే షాట్ ఉంది కదా, దానికి అది తప్పనిసరి.

మెక్వీన్ వేగంగా నడిపేవాడు, వెంటాడే జర్మన్ సైనికుల వేషంలో ఉన్నవాళ్ళు అందుకోలేకపోయారు. చివరికి ఆయనే జర్మన్ యూనిఫాం వేసుకుని వెంటాడే షాట్లు కూడా చేశాడు. ఎడిటింగ్‌లో తనని తనే తరుముతున్నాడన్నమాట. ఆస్ట్రేలియా మోటోక్రాస్ రైడర్ టిమ్ గిబ్స్ కూడా ఆ సినిమాలో స్టంటులు చేశాడు.

#7 షెడ్డుమామ

ట్రయంఫ్ అన్నారు కాబట్టి బండి సంగతి చెప్తానండి. అది 180 కిలోల దగ్గర ఉంటాది. ఇప్పటి 450 మోటోక్రాస్ బండి 110 కిలోల చుట్టూ. పాత ట్రయంఫ్ వెనక షాకుల ప్రయాణం ఇప్పటిదాంట్లో సగం కూడా ఉండదు. ఎకిన్స్ గారి నడుం ఏమైందో ఆయనకే తెలియాలి.

సినిమాకి బండి సిద్ధం చేయడం రేసుకి సిద్ధం చేయడం లాంటిది కాదండీ. రేసులో బండి ఆగకుండా పోతాది. షూటింగులో నిమిషం పోతాది, అరగంట నిలబడతాది, మళ్ళీ నిమిషం పోతాది. మోటోక్రాస్ బండి రేడియేటరుకి ఫ్యాను ఉండదు, గాలి తగిలితేనే చల్లబడతాది. "యాక్షన్" అనేదాకా ఐడిల్‌లో పెట్టి ఉంచితే నీళ్ళు మరిగి పొంగిపోతాయి. కట్ అనగానే ఇంజను ఆపాలి. ఎవరు చెప్పినా చెప్పకపోయినా.

టేకు టేకుకీ స్టార్టింగ్ లైను దగ్గర క్లచ్చి జార్చి లాగిస్తారు కాబట్టి ముందు పోయేది క్లచ్చి ప్లేట్లే. ఒక సెట్టు ప్లేట్లు, స్ప్రింగులు, కవరు గాస్కెట్టు లొకేషన్లోనే ఉండాలి. ట్యాంకు 6-7 లీటర్లే, అందుకని పెట్రోలు చూసుకోకుండా టేకుకి పంపకూడదు. ర్యాంపు ఎక్కుతుండగా పెట్రోలు అందక ఇంజను తడబడితే ముందు చక్రం కిందికి వంగిపోతాది.

రైడరు కూర్చున్నాక వెనక షాకు దిగాల్సింది 100 నుంచి 105 మిల్లీమీటర్లు. కెమెరా, బిగింపులు, బ్యాటరీ కలిపి నాలుగైదు కిలోలు వెనకాల తగిలించారంటే ఆ లెక్క మారిపోద్ది, మళ్ళీ కొలవాలి. రీబౌండు (నొక్కుకున్న షాకు తిరిగి లేచే వేగం) బాగా వదులుగా ఉంటే ర్యాంపు అంచున వెనక చక్రం తన్నేసి మనిషిని హ్యాండిలు మీదకి తోస్తాది. జంపులకి రీబౌండు రెండు క్లిక్కులు బిగించి చూడండి, ఒక్కసారిగా ఆరు తిప్పకండి. టైర్లలో గాలి మామూలుగా 12-14 పీఎస్ఐ పెడతారు, గట్టి ర్యాంపు మీదకైతే 15-16. తక్కువైతే రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగిపోద్ది.

స్పోకులు ప్రతి జంపు తర్వాత స్పానరుతో తట్టి చూడాలండి. వదులైంది డబ్‌మని మోగుతాది.

#8 నాబీటైర్

షెడ్డుమామ గారి పోస్టు దాచుకోవాల్సింది.

ఇక కొత్త కాలానిది. ‘మిషన్ ఇంపాసిబుల్: డెడ్ రెకనింగ్’ మొదటి భాగం. నార్వేలో హెల్లెసిల్ట్ దగ్గర హెల్సెట్‌కోపెన్ కొండ మీద ర్యాంపు కట్టి, టామ్ క్రూయిజ్ హోండా మోటోక్రాస్ బండితో లోయలోకి దూకి, బండి వదిలేసి ప్యారాచూట్ తెరిచాడు. 2020 సెప్టెంబర్‌లో తీశారు. వాళ్ళు విడుదల చేసిన మేకింగ్ వీడియో ప్రకారం సిద్ధపడటానికి 500 పైగా స్కైడైవులు, 13,000 పైగా మోటోక్రాస్ జంపులు. ఒకే రోజు ఆరుసార్లు దూకాడు.

నాకు నచ్చింది షెడ్యూల్. ఇది ప్రధాన షూటింగ్ మొదటి రోజే పెట్టుకున్నారు. హీరోకి ఏమైనా అయ్యేట్టయితే ముందే తెలుస్తుంది, సగం సినిమా తీశాక కాదు. మన దగ్గర పెద్ద ఫైటు చివరి షెడ్యూల్‌కి తోసేస్తారు, అప్పటికి డబ్బూ ఓపికా రెండూ అయిపోయి ఉంటాయి.

సినిమాలో అది రాతి అంచులా కనిపిస్తుంది. నిజానికి అంతా ర్యాంపే, సీజీలో కొండరాయి వేశారు.

#9 ర్యాంపులెక్క

ఆ వీడియోలో అందరూ దాటేసే ముక్క ఒకటుంది. ఆ బండికి స్పీడోమీటర్ లేదు. ఇంజను శబ్దాన్ని బట్టి, బండి తీరును బట్టి వేగం అందుకోవాలి. మోటోక్రాస్ బండ్లకి అసలు స్పీడోమీటర్ ఉండదు.

ఎందుకింత రాద్ధాంతం అంటే, దూకే దూరం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం 5 శాతం తప్పితే దూరం 10 శాతం తప్పుతుంది. మన 20 మీటర్ల జంప్‌లో 54 బదులు 57తో వస్తే 2 మీటర్లు ఎక్కువ పోతాడు. దిగే వాలు దాటిపోయి చదును మీద పడటానికి 2 మీటర్లు చాలు. మూడు కిలోమీటర్ల వేగం తేడా చెవితో పట్టాలి. 13,000 జంపులు దానికే.

డబ్బు లేనివాళ్ళు చేయగలిగింది ఇదీ. ఒక గేరు ఎంచుకోండి. కావాల్సిన వేగం ఆ గేరులో ఇంజను హాయిగా లాగే చోట పడాలి, లిమిటర్ (ఇంజను వేగానికి పై హద్దు) మీద కాదు. పరుగు మొదలయ్యే చోట ఒక కోను, గేరు మార్చే చోట ఇంకో కోను పెట్టండి. తర్వాత ర్యాంపు పక్కనుంచి, దూకకుండా, అదే పరుగు పదే పదే తీయండి. జీపీఎస్ లాగర్‌తో ప్రతిసారీ వేగం రాసుకోండి. వరసగా వచ్చిన అంకెల్లో ఒకటి రెండు కిలోమీటర్లకి మించి తేడా ఉంటే ఆ రోజు జంప్ లేదు. ఎదురుగాలి లేచినా అంతే.

గాల్లో తప్పు దిద్దుకునే దారి కొంచెం ఉంది. ముందు చక్రం మరీ లేచిపోతే క్లచ్ పట్టి వెనక బ్రేకు తట్టాలి, ముక్కు కిందికి దిగుతుంది. ముక్కు వాలిపోతుంటే యాక్సిలరేటర్ ఇవ్వాలి, తిరిగే వెనక చక్రం ముక్కుని లేపుతుంది. కోణం మారుతుంది గానీ దూరం మారదు.

#10 కొత్తక్లచ్

చదివాక భయం వేస్తోంది. 20 మీటర్లు మానేస్తున్నాం. 5-6 మీటర్ల టేబుల్‌టాప్ (పైన చదునుగా ఉండే దిబ్బ) సరిపోతుందా తెర మీద?

#11 ఫ్రేముకు24

హాయిగా సరిపోతుంది. కెమెరా నేలకి ఆనించి, వెడల్పు లెన్సుతో, ఎగిరే అంచుకి పక్కగా పెట్టు. అడుగు ఎత్తు లేచినా ఆకాశం మీద బండి కనిపిస్తుంది. దూరం నుంచి 200 ఎం.ఎం. లెన్సుతో తీస్తే వెనక ఉన్న చెట్లు దగ్గరకొచ్చి వేగం పెద్దదిగా అనిపిస్తుంది. టేబుల్‌టాప్ అయితే మధ్యలో గుంట ఉండదు కాబట్టి తక్కువ దూకినా బండి చదునైన పైభాగం మీదే పడుతుంది. నేల వైపున్న కెమెరాకి ఆ పైభాగం కనిపించదు, ప్రేక్షకుడికి గుంట ఉన్నట్టే ఉంటుంది.

కెమెరా దగ్గర మనిషి మాత్రం ఉండకూడదు. బరువు సంచి వేసి వదిలేసి రండి.

#12 చల్కనేల

ముందుగాల నేల చూసుకోన్రి తమ్మీ. హైదరాబాద్ చుట్టూత ఎర్రటి చల్క నేలలు దొరుకుతయి, గవ్వి మంచిగుంటయి. నీళ్ళు పోస్తే దిగుతయి, గడ్డ కట్టయి. చేవెళ్ళ, వికారాబాద్ దిక్కు నల్లరేగడి తగుల్తది, దాంట్ల వాన పడ్డంక బండి నడుపుడంటే చక్రాలకు బురద చుట్టుకొని మడ్‌గార్డు కింద ఇరికి చక్రమే తిరగది.

ట్రాక్ తడుపుడు ఒక పద్ధతి. షూటింగుకు ముందురోజు నేలను నాలుగైదు అంగుళాల లోతు ట్రాక్టరుతోటి దున్నాలె, రాళ్ళు ఏరాలె. సాయంత్రం ట్యాంకరుతోటి నిండుగ తడపాలె. రాత్రంత నీళ్ళు లోపటికి దిగుతయి. పొద్దుగాల మీదికెళ్ళి సన్నగ జల్లితే చాలు. పొద్దున్నే ఒక్కపారి మస్తు నీళ్ళు పోస్తే మీద జారుడు, కింద పొడి. బండి మలుపుల పోయి కూసుంటది.

ఎగిరే ర్యాంపు మొకం మీద షాటుకు ముందు నీళ్ళు పోయొద్దు. గది గుర్తు పెట్టుకోన్రి.

#13 పాతరీలు

నీళ్ళంటే గుర్తొచ్చింది. 2021లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా ‘నో టైమ్ టు డై’ లో ఇటలీలోని మటేరా ఊళ్ళో ట్రయంఫ్ స్క్రాంబ్లర్ 1200తో గోడ మీదుగా దూకే షాట్ ఉంది. దూకింది పాల్ ఎడ్మండ్సన్, ఎండ్యూరో (కచ్చా దారుల్లో సాగే సుదూర బైకు పోటీ) ప్రపంచ ఛాంపియన్. శతాబ్దాలుగా జనం నడిచి నున్నబడ్డ రాతి వీధులు, టైరు పట్టు దొరకదు. వేల లీటర్ల కోకాకోలా చల్లారు. నీళ్ళు ఆరిపోయాక చక్కెర జిగురు మిగులుతుంది, టైరు పట్టేస్తుంది. షూటింగ్ అయ్యాక కడిగితే పోతుంది, రాయికి మరక ఉండదు.

#14 చల్కనేల

మట్టి మీద మాత్రం పొయ్యకున్రి అన్నా. చీమలు, ఈగలు తప్ప ఏం రావు.

#15 సౌండుపెట్టె

అందరూ బొమ్మ గురించే మాట్లాడుతున్నారు. మోటోక్రాస్ సినిమాల్లో నూటికి తొంభై తప్పులు శబ్దంలోనే ఉంటాయి, అదీ తెలిసిన చెవికి వెంటనే దొరికే తప్పులు.

పెద్దది టూ స్ట్రోక్, ఫోర్ స్ట్రోక్ కలగాపులగం. తెర మీద 250 ఫోర్ స్ట్రోక్, స్పీకర్లో 125 టూ స్ట్రోక్ కీచు. ఎడిటరు లైబ్రరీ నుంచి "డర్ట్ బైక్" అని వెతికి మొదటిది లాగేస్తాడు. కాలం కూడా చూసుకోవాలి. రేసర్ డగ్ హెన్రీ 1997లో లాస్ వెగాస్ సూపర్‌క్రాస్ (స్టేడియంలో జరిగే మోటోక్రాస్) గెలిచింది యమహా వైజెడ్‌ఎం400ఎఫ్ అనే ఫోర్ స్ట్రోక్ నమూనా బండి మీద, దాని అమ్మకపు రూపం వైజెడ్400ఎఫ్ 1998లో వచ్చింది. కథ 1990ల మొదట్లో జరుగుతుంటే ట్రాక్ నిండా ఫోర్ స్ట్రోక్ గుడగుడ వినిపించకూడదు.

రెండోది గేర్లు. హీరో ముఖం కట్ చేసి చూపించిన ప్రతిసారీ గేరు పెరుగుతుంది. అయిదు గేర్ల బండికి తొమ్మిది మార్పులు లెక్కపెట్టొచ్చు.

రికార్డింగ్ ఇలా చేయండి. షూటింగ్ టేకుల్లో వచ్చే శబ్దం గుర్తుకి తప్ప వాడకానికి పనికిరాదు. విడిగా ఒక ఉదయం పెట్టుకుని బండి మీద రెండు చిన్న మైకులు బిగించాలి. ఒకటి ముందు నంబరు ప్లేటు వెనక, గాలి తగలని చోట, బొచ్చు తొడుగుతో. ఇంకోటి ఎయిర్‌బాక్స్ దగ్గర, సీటు కింద. సైలెన్సర్‌కి ఎదురుగా పెట్టొద్దు, వేడికి కరుగుతుంది, శబ్దం కూడా పగిలిపోతుంది. శబ్దం పగలకుండా తగ్గించే 20 డెసిబెల్స్ ప్యాడ్ వేయాలి. ట్రాక్ పక్కన మూడో మైకు, బండి దాటిపోయే శబ్దానికి. తీసుకోవాల్సినవి: నిలబడి రేస్ చేయడం, ప్రతి గేరులో లాగడం, యాక్సిలరేటర్ మూసి ఇంజను బ్రేకింగ్, గాల్లో ఉన్నప్పుడు చక్రం ఖాళీగా తిరిగే శబ్దం.

ఆ చివరిదే అందరూ మర్చిపోయేది. బండి నేల వదలగానే లోడు పోతుంది. రైడరు యాక్సిలరేటర్ అలాగే పట్టి ఉంచితే ఇంజను శబ్దం ఒక్కసారి పైకి లేస్తుంది, మూసేస్తే సన్నగిల్లుతుంది. గాల్లో ఉన్నంతసేపూ ఒకే లాగుడు శబ్దం వేస్తే షాట్ చచ్చిపోతుంది. దిగాక చైను కొట్టుకునే చప్పుడు, షాకు నిట్టూర్పు విడిగా తీసి కలపండి.

#16 కొత్తక్లచ్

బండి మీద కెమెరా పెట్టడానికి ఫోను చాలా? యాక్షన్ కెమెరా ఒక్కటే ఉంది మా దగ్గర.

#17 ఫ్రేముకు24

ఫోను వద్దే వద్దు. ఎక్కువ శక్తి ఉన్న మోటార్‌సైకిళ్ళ ఇంజను కంపనాలకి ఐఫోన్ కెమెరాలోని స్టెబిలైజేషన్, ఫోకస్ వ్యవస్థలు దెబ్బతినొచ్చని ఆపిల్ సంస్థే 2021లో హెచ్చరించింది.

యాక్షన్ కెమెరాకి వచ్చే జబ్బు జెల్లీలా వణకడం. ఒంటి సిలిండర్ ఇంజను 6,000 ఆర్‌పీఎమ్ దగ్గర సెకనుకి వంద సార్లు ఊపుతుంది, సెన్సరు పైనుంచి కిందికి చదివేలోపు బొమ్మ వంకర్లు పోతుంది. షట్టర్ వేగం పెంచితే తగ్గుతుందనుకుంటారు, ఆ వంకర్లు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. చిన్న ఎన్‌డీ ఫిల్టర్ పెడితే కొంత కలిసిపోతుంది. అసలు మందు బిగించే చోటు. మడ్‌గార్డు ప్లాస్టిక్ మీద పెట్టొద్దు, అది రెక్కలా ఊగుతుంది. ఫోర్కు కింది భాగం మీద పెడితే షాకు లేని చోట ఉన్నట్టు, ప్రతి రాయీ కెమెరాకి తగులుతుంది. బండి ఫ్రేము గొట్టానికి లోహపు క్లాంపు, దానికీ కెమెరాకీ మధ్య మెత్తటి రబ్బరు వాషరు. స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి) మీద పెట్టి వెనక చక్రం చూపే షాట్ అద్భుతంగా ఉంటుంది, కానీ మట్టి దెబ్బకి లెన్సు పోతుంది కాబట్టి ముందు పారదర్శక ఫిల్టర్ ఒకటి బలి ఇవ్వాలి.

ప్రతి బిగింపుకీ విడిగా ఒక తాడు, అది చక్రానికి గానీ చైనుకి గానీ అందనంత పొట్టిగా.

హెల్మెట్ మీద గట్టిగా బోల్టులతో బిగించొద్దు. పడినప్పుడు కెమెరా నేలకి తట్టుకుని మెడని తిప్పేస్తుంది. గుద్దితే ఊడిపోయే బిగింపే వాడాలి, లేదా ఛాతీ పట్టీ. ముందుగా అదే బరువున్న చెక్కముక్క తగిలించి ఒక రౌండు నడిపించి చూస్తే రైడరుకి మెడ ఎలా ఉందో తెలుస్తుంది.

#18 పాతరీలు

‘ఆన్ ఎనీ సండే’ లో కూడా హెల్మెట్ మీద కెమెరాతో తీసిన షాట్లున్నాయి, అప్పటి కెమెరా బరువుతో.

ఆ సినిమాదే ఇంకొకటి. చివర్లో మెక్వీన్, రేసర్లు మెర్ట్ లావిల్, మాల్కమ్ స్మిత్ ముగ్గురూ సముద్రపు ఒడ్డున ఆడుకుంటూ నడుపుతారు. అది క్యాంప్ పెండిల్టన్, అమెరికా మెరైన్ల స్థావరం. మామూలువాళ్ళకి ప్రవేశం లేదు. ఆ అనుమతి తెచ్చే పని బ్రౌన్ మెక్వీన్‌కి అప్పగించాడు, స్టార్ ఫోన్ చేస్తే తలుపులు తెరుచుకున్నాయి. ఆ మెక్వీనే రేసుల్లో పేరు దాచుకోవడానికి హార్వీ మష్‌మన్ అని రాయించుకునేవాడు.

సినిమా మొదట్లో పిల్లలు సైకిళ్ళ మీద మోటోక్రాస్ ఆడే దృశ్యం బీఎంఎక్స్ క్రీడ పుంజుకోవడానికి కారణమని చెప్పుకుంటారు.

#19 షెడ్డుమామ

క్లోజప్పుల మాట ఎవరూ ఎత్తలేదండి. మోటోక్రాస్‌లో హెల్మెట్టూ గాగుల్సూ ఉంటాయి కాబట్టి డూపు పని సులువే. హీరో కళ్ళు చూపించాలంటే బండిని తక్కువ ఎత్తు ట్రాలీ మీద కట్టి లాగుతారు. అక్కడే దొరికిపోతారు. బండి మలుపులో వంగదు, ఫోర్కు కదలదు, హీరో చేతులు మాత్రం తెగ ఊగుతాయి. బండిని నాలుగు వైపులా బిగించేయకుండా వెనక గట్టిగా, ముందు స్ప్రింగు మీద కూర్చోబెట్టి, ఇద్దరు పక్కనుంచి గొట్టంతో ఊపితే చాలా మేలు.

మట్టి కంటిన్యూటీ ఇంకోటి. పొద్దున్న టేకులో జెర్సీకి ఎడమ భుజం మీద బురద, మధ్యాహ్నం కుడి భుజం మీద. ఫోటోలు తీసి పెట్టుకోవాలి. బురద అక్కడి మట్టినే జల్లెడ పట్టి నీళ్ళు కలిపి బ్రష్షుతో పూయాలి, వేరే మట్టి తెస్తే రంగు దొరికిపోద్ది. ఊరికే గాల్లో దుమ్ము కావాలంటే ముల్తానీ మట్టి ఫ్యానుతో కొడతారు, సన్నగా తేలుతాది. ఎదురు ఎండలో పెడితే బంగారంలా ఉంటాది. యూనిట్‌కి మాస్కులు ఇవ్వండి. బండి ఎయిర్ ఫిల్టరు ఫోముకి నూనె పట్టించి, ఆ పూటకి ఇంకోటి మార్చడానికి సిద్ధంగా ఉంచండి.

#20 నాబీటైర్

మనవాళ్ళ విషయానికొస్తే, ‘వలిమై’ (2022) మోటోక్రాస్ కాదు గానీ బండ్ల సినిమా, మన కార్తికేయ గుమ్మకొండ విలన్. దాని మేకింగ్ వీడియోలో అజిత్ ముందు చక్రం లేపుతూ కిందపడటం దాచకుండా చూపించారు. పడిన టేకు చూపిస్తే నేర్చుకునేవాడికి పనికొస్తుంది. ముందు చక్రం ఎంత ఎత్తులో ఉండగా అదుపు తప్పిందో ఫ్రేము ఫ్రేముగా ఆపి చూడొచ్చు.

#21 కొత్తక్లచ్

చివరి ప్రశ్న. డ్రోన్ షాట్ ఒకటి అనుకుంటున్నాం, స్నేహితుడి దగ్గర 249 గ్రాములది ఉంది.

#22 ఫ్రేముకు24

250 గ్రాముల లోపు అయితే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం నానో కిందికి వస్తుంది, పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ ఎక్కడపడితే అక్కడ ఎగరేయొచ్చని కాదు. ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాపులో మీ లొకేషన్ చూసుకోండి. పచ్చ రంగు చోట 120 మీటర్ల ఎత్తు వరకు, విమానాశ్రయం సరిహద్దుకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 60 మీటర్ల వరకు. హైదరాబాద్ చుట్టూ శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఉన్నాయి, చాలా శివార్లు పసుపులోనో ఎరుపులోనో పడతాయి. పొలం యజమాని ఒప్పుకుంటే సరిపోదు, స్థానిక పోలీసులకి కూడా ఒక కాగితం ఇచ్చి ఉంచండి.

ఎగరేసేటప్పుడు బండి వెనకాల నేరుగా పోవద్దు, వెనక టైరు చిమ్మే మట్టి రెక్కలకి తగిలితే అక్కడికక్కడే కూలిపోతుంది. గాలి వచ్చే వైపు పక్కగా, రెండు మూడు మీటర్ల ఎత్తులో ఉంచు. జంప్ దగ్గర డ్రోన్ ముందే వెళ్ళి దిగే వాలుకి అవతల, పక్కన ఆగి ఉండాలి. రైడరు దారిలోకి అది రాకూడదు. ఆ చిన్న డ్రోన్ గాలికి తూలుతుంది, కాబట్టి పొద్దున ఎనిమిదిలోపు ముగించేయండి. ఎండ కూడా అప్పుడే పక్కనుంచి పడి దుమ్ము వెలుగుతుంది.

#23 చల్కనేల

పొద్దున ఎనిమిది లోపంటే ట్యాంకరు ఆరింటికే రావాలె. డ్రైవరుకు ముందురోజే అడ్వాన్సు ఇయ్యిన్రి, లేకుంటే తొమ్మిదింటికి వస్తడు.